పాట బొంబాయెళ్ళింది, పేరు బందర్లో కూడా మిగల్లేదు

వహీదా రెహమాన్ పేరెత్తితే మన పాత తరం వాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఏరువాక పాటే. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ సినిమాలో ఆ పాటకి ఆడింది ఆవిడే. రాసింది కొసరాజు, పాడింది జిక్కి, సినిమా తీసింది తాపీ చాణక్య. ఇంతవరకూ చాలామంది టకటకా చెప్పేస్తారు. బాణీ ఎవరిదంటే మాత్రం బందరోళ్ళే తల గోక్కుంటారు. అది మాస్టర్ వేణుది. అసలు పేరు మద్దూరి వేణుగోపాల్. పుట్టింది బందర్లోనే.

ఆ సినిమా అప్పట్లో ఆడిన ఆట మామూలు ఆట కాదు. హైదరాబాదు వచ్చిన హిందీ దర్శకుడు గురుదత్, ఆ పాటలో ఆడిన పిల్ల గురించి జనం చెప్పుకుంటుంటే విని, ఆవిణ్ణి బొంబాయి పిలిపించుకున్నాడు. 1956లో ‘సి.ఐ.డి.’, మరుసటేడు ‘ప్యాసా’. ఆ తర్వాత కథ దేశమంతా తెలుసు. ఆడినావిడ ఎళ్ళిన నాలుగైదేళ్ళకి బాణీ కూడా బొంబాయెళ్ళింది. 1960లో దేవానంద్ సినిమా ‘బంబయ్ కా బాబూ’ వచ్చింది. అందులో ఆశా భోస్లే పాడిన ‘దేఖ్‌నే మే భోలా హై’ అనే పాటుంది. ఫోన్లో దొరుకుద్ది, ఒకసారి వినండి. రెండు వరసలు వినంగానే మీ నోరు దానంతటదే ఏరువాక పాట అందుకుంటది. సంగీతం ఎస్.డి. బర్మన్. ఉత్తరాదిన అది బర్మన్ పాటగానే బతికింది.

దీన్ని దొంగతనం అని నేననను. ఏరువాక పాట వేళ్ళు పల్లెపాటల్లోనే ఉన్నాయి, వేణు దాన్ని సినిమాకి తగ్గట్టు మలిచారు. పైగా ఆ రోజుల్లో మనోళ్ళు కూడా హిందీ బాణీలు బస్తాల కొద్దీ దింపుకున్నారు. అటో పాట ఎళ్తే ఇటు పది పాటలొచ్చాయి. కాబట్టి బర్మన్ గారి మీద కేసు పెట్టే పని మనకొద్దు. తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆడినావిడ పేరు దేశమంతా ఎళ్ళింది. బాణీ దేశమంతా ఎళ్ళింది. కట్టినాయన పేరు మాత్రం ఎందుకెళ్ళలా? ఇప్పుడు నాగాయలంకలోనో, పెడనలోనో, గుడ్లవల్లేరులోనో కూచుని ఫోన్లో పాట పెడుతున్న పిల్లలకి ఈ ప్రశ్న వట్టి చరిత్ర పాఠం కాదు. రేపు వాళ్ళ పాటకి జరగబోయేది కూడా ఇదే కావచ్చు.

అదే 1955లో ఇంకో తమాషా జరిగింది. ‘సంతానం’ అనే సినిమాలో లతా మంగేష్కర్ చేత మొదటిసారి తెలుగు పాట పాడించారు. తమ్ముణ్ణి నిద్రపుచ్చే అక్క పాట అది. పాడించిన సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి. ఊరు మోపిదేవి పక్కన పెదకళ్ళేపల్లి. అంటే బందరు బాణీ బొంబాయెళ్ళటానికి బయల్దేరిన ఏడే, బొంబాయి గొంతు దివి ప్రాంతపాయన దగ్గర తెలుగు నేర్చుకుంది. రెండు సినిమాల్లోనూ హీరో అక్కినేని నాగేశ్వరరావు, గుడివాడ దగ్గర రామాపురం. బందరు, గుడివాడ, దివి మూడూ ఒక్క ఏడాదిలో, రెండు సినిమాల్లో! మన ఊళ్ళల్లో ఈ ముక్క చెప్పే పెద్దమనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఇంతకీ పెదకళ్ళేపల్లిలో ఏముంది? కృష్ణ ఒడ్డున నాగేశ్వరస్వామి గుడి ఉంది. కవి వేటూరి ప్రభాకరశాస్త్రి పుట్టిన ఊరది, సినిమా పాటల వేటూరి సుందరరామ్మూర్తి పుట్టిన ఊరూ అదే. వీళ్ళందరికన్నా ముందు అక్కడో పెద్దాయన ఉన్నారు. సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి గారి తాత. ఆయన పేరూ సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రే. ఆ రోజుల్లో ఇక్కణ్ణించి తమిళదేశం పోయి, మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఈ వెంకటసుబ్బయ్య గారెవరో కాదు, సాక్షాత్తూ త్యాగరాజు శిష్యుడు. ఇంటిపేరు ఆకుమడుగుల, తెలుగు కుటుంబం. ఆయన దగ్గర నేర్చుకున్న పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, మహా వైద్యనాథ అయ్యర్ తమిళ కచేరీల్ని ఏలారు. మన శాస్త్రి గారు కూడా అక్కడే ఉండిపోతే ఏ సంస్థానంలోనో కొలువు దొరికి ఉండేదేమో. ఆయన తిరిగొచ్చేశారు. వచ్చి, ఇక్కడ పిల్లలకి నేర్పారు.

ఆ పిల్లల్లో ఒకరు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఊరు శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర జిల్లా శ్రీకాకుళం కాదు, మన ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు గుడున్న శ్రీకాకుళం. పంతులు గారు బెజవాడ చేరి అక్కడ శిష్యుల్ని తయారుచేశారు. గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన ఓ తల్లిలేని పిల్లాడు ఆయన చేతికొచ్చాడు. ఆ పిల్లాడు ఎనిమిదో ఏట బెజవాడ త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేస్తే, హరికథలు చెప్పే ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ముచ్చటపడి మురళీకృష్ణ అనే పేరుకి ముందు ‘బాల’ తగిలించారు. అట్టా మంగళంపల్లి బాలమురళీకృష్ణ అయ్యారు. 1975లో కన్నడ సినిమా ‘హంసగీతె’లో పాడినందుకు జాతీయ అవార్డు, 1986లో ‘మధ్వాచార్య’కి సంగీత దర్శకుడిగా మళ్ళీ జాతీయ అవార్డు, 1991లో పద్మవిభూషణ్.

వరస ఒకసారి లెక్కేసుకోండి. త్యాగరాజు, మానంబుచావడి, సుసర్ల, పారుపల్లి, బాలమురళి. అయిదుగురిలో మధ్య ఇద్దరూ దివి తాలూకా పల్లెటూళ్ళ మనుషులు. ఆ ఇద్దరూ లేకపోతే గొలుసు అక్కడే తెగిపోయేది. 1988లో దూరదర్శన్‌లో ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ వచ్చినప్పుడు దేశమంతా చూసిన బాలమురళి వెనకాల పెదకళ్ళేపల్లి పాఠం ఉంది. అందులో ఆయన కనపడేది తమిళ వరస దగ్గర, అది వేరే సంగతి. తమిళదేశం నుంచి మనూరొచ్చిన విద్య మళ్ళీ తమిళ ముక్కగానే టీవీకెక్కింది.

జాతీయ స్థాయి అనే మాట విన్నప్పుడల్లా మనం చివర్లో స్టేజీ మీద నిలబడ్డ మనిషినే చూస్తాం. నేర్పినాయన్ని చూడం. దివిసీమకి దక్కిన వాటా ఎక్కువగా ఆ నేర్పే పనిలో ఉంది. నేర్పినోడికి అవార్డుండదు, రాయల్టీ ఉండదు, ఫ్లెక్సీ అసలే ఉండదు. పారుపల్లి వారి మరో శిష్యుడు, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆయన వయసు తొంభై దాటింది. గురువు గారు పోయి ఏడు దశాబ్దాలు.

ఇక గుడివాడ వైపు వద్దాం. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఘంటసాల అనేది ఇంటిపేరు. ఘంటసాల ఊరు వేరు, చల్లపల్లి అవతల బౌద్ధ స్తూపం ఉన్నది. చాలామంది కలిపేసుకుంటారు. పన్లో పని ఇంకోటి కూడా చెప్పేస్తాను. సంగీత దర్శకుడు తమన్ ఘంటసాల మనవడు అని వాట్సాప్‌లో తిరుగుతుంటది. తమన్ మనవడే, కాపోతే నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్య మనవడు. గాయకుడు ఘంటసాలకి కాదు.

వెంకటేశ్వరరావు గారి నాన్న సూర్యనారాయణ గారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. పిల్లాడు ఆ పాటకి నాట్యం చేసేవాడు. మొదటి బడి అదే. నాన్న చిన్నప్పుడే పోయారు. సంగీతం నేర్పుతారనే ఆశతో విద్వాంసుల ఇళ్ళల్లో పనులు చేశాడు, ఫలితం లేదు. చివరికి వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం బండెక్కాడు. ఎందుకు విజయనగరం? అక్కడ రాజుగారు పెట్టిన సంగీత కళాశాల ఉంది కనక. ఎళ్ళేసరికి కాలేజీకి సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పారు. అన్నం కోసం కుర్రాడు జోలె పట్టి వీధుల్లో మధూకరం చేశాడు. రేపు మనం కాలర్ ట్యూన్ పెట్టుకునే గొంతు అది, విజయనగరం వీధుల్లో భిక్షకి నిలబడింది.

తర్వాత 1942 ఉద్యమంలో దిగి అలీపురం జైల్లో ఉన్నారు. బయటికొచ్చాక నాటకాలు, పెళ్ళి కచేరీలు. సముద్రాల రాఘవాచార్య గారి మాట మీద మద్రాసెళ్ళారు. అక్కడ పానగల్ పార్కులో పడుకున్న రాత్రులున్నాయి. 1945 ‘స్వర్గసీమ’లో పాట దొరికింది. తర్వాత ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ లాంటివాటికి ఆయనే సంగీతం. 1970లో పద్మశ్రీ. 1974 ఫిబ్రవరి 11న పోయేటప్పటికి వయసు యాభై రెండు కూడా నిండలా.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ‘ఎంత కష్టపడ్డాడో’ అంటారు. అనండి, తప్పు లేదు. కానీ నాకు ఇంకో లెక్క కనపడుతుంది. చౌటపల్లి నుంచి విజయనగరం వందల మైళ్ళు. గుడివాడలోగానీ బందర్లోగానీ ఆ పిల్లాణ్ణి కూచోబెట్టి నాలుగేళ్ళు నేర్పే బడి ఉంటే ఉంగరం వేలికే ఉండేది. పైగా ఎన్ని ఉంగరాలు అమ్ముడుపోయినా పాట రాని పిల్లలు ఎంతమందో ఎవరూ లెక్క రాయలేదు. గెలిచిన ఒక్కడి కష్టాన్ని పొగడటం తేలిక. ఆ కష్టం అక్కర్లేకుండా చేసే పని ఖర్చుతో కూడుకున్నది.

ఎందుకందరూ మద్రాసే పోయారంటే అందులో వింతేం లేదు. 1953 అక్టోబరు దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం, మన రాజధాని అదే. గ్రామఫోను కంపెనీ అక్కడ, స్టూడియోలు అక్కడ, ఆర్కెస్ట్రా అక్కడ. తెలుగు సినిమాకి ఆద్యుడంటాం కదా రఘుపతి వెంకయ్య నాయుడు, బందరాయనే. ఆయన హాలు కట్టిందీ మద్రాసులోనే. బందరు ఒకప్పుడు రేవుపట్నం, దేశదేశాల ఓడలొచ్చిన ఊరు. 1864 తుపాను వేల మందిని మింగేసింది. ఆ తర్వాత రేవు పడిపోతూ వచ్చింది, రైలు, వ్యాపారం బెజవాడని పెంచాయి. 1948 డిసెంబరులో ఆకాశవాణి కేంద్రం పెట్టింది కూడా బెజవాడలోనే. బాలమురళి ‘భక్తిరంజని’ మొదలెట్టింది ఆ రేడియోలోనే. దివి నుంచి గొంతున్న మనిషి బెజవాడ రేడియో దాకా వస్తే అదే గొప్ప, అక్కణ్ణించి మద్రాసు.

మన రోజుల సంగీత దర్శకుడు మణిశర్మ సంగతి చూడండి. కుటుంబానిది బందరు. నాన్న వయొలిన్ వాద్యకారుడు, సినిమా ఆర్కెస్ట్రా కోసం మద్రాసులో ఉన్నారు. పిల్లాడు అక్కడ పెరిగి ఆ వాద్యాల మధ్యే పని నేర్చుకున్నాడు. అదే మనిషి బందర్లోనే పెరిగి ఉంటే వినే చెవి ఉండేదేమో గానీ, నలభై వయొలిన్లు ఒక్కసారి మోగితే ఎట్టా ఉంటదో ఎవరు చూపించేవాళ్ళు? ప్రతిభ పుట్టే ఊరు వేరు, పనిముట్లుండే ఊరు వేరు. ఈ రెండిటి మధ్య రైలు చార్జీలే మన వాళ్ళ కథలన్నీ.

ఈ గొడవ సినిమాతో మొదలైంది కూడా కాదు. మొవ్వ క్షేత్రయ్యని తీసుకోండి. పదిహేడో శతాబ్దంలో మొవ్వ వేణుగోపాలుడి పేరు మీద పదాలు కట్టి తంజావూరు, మధుర దాకా తిరిగాడు. తర్వాత ఆ పదాల్ని బతికించిందెవరు? తమిళదేశంలో వీణ ధనమ్మాళ్ ఇంటి ఆడవాళ్ళు, ఆవిడ మనవరాళ్ళు బృంద, బాలసరస్వతి. తెలుగు పదాన్ని తెలుగు రాని సభలో పాడి, ఆడి, నిలబెట్టారు. వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. మొవ్వ పదం నేర్చుకోవాలంటే ఇవాళ మొవ్వ పిల్ల చెన్నై టేపులు వినాల్సొస్తది, అదీ మన పరిస్థితి.

పక్కనే కూచిపూడి. వెంపటి చినసత్యం గారు ఆ ఊళ్ళో నేర్చుకుని మద్రాసెళ్ళి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఆ నాట్యాన్ని ప్రపంచం చూసేట్టు చేశారు. నాట్యం అంటే ఆడేవాళ్ళనే చూస్తాం. ఆ నృత్యనాటకాలకి సంగీతం కట్టింది పట్రాయని సంగీతరావు గారు. ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుందా? ఘంటసాలకి విజయనగరంలో అన్నం పెట్టి పాఠం చెప్పిన సీతారామశాస్త్రి గారి అబ్బాయే. మద్రాసులో ఘంటసాల దగ్గరే సహాయకుడిగా చాన్నాళ్ళు చేశారు, తర్వాత కూచిపూడికి పాట కట్టారు. 2021లో నూరేళ్ళు దాటి పోయారు. కృష్ణా జిల్లా గొంతుకీ, కృష్ణా జిల్లా నాట్యానికీ వెనక నిలబడ్డ మనిషి ఆయన. మన జిల్లాలో ఆయన పేరు తెలిసినోళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సరే, ఇప్పుడు మద్రాసు అక్కర్లేదు గదా, ఫోనుంది గదా అంటారు. నిజమే. రైలు చార్జీ తగ్గింది. మంచి మైకు కొనుక్కుంటే కోడూరు నుంచి కూడా పాట ఎక్కించొచ్చు. ఒక రీలు ఆడితే రాత్రికి రాత్రే ఢిల్లీ పిల్లలు దాని మీద డ్యాన్సులేస్తారు. కానీ మాస్టర్ వేణుకి జరిగింది ఇప్పుడు అంతకన్నా తేలిగ్గా జరుగుతుంది. పాట పేరు కనపడుతుంది, పదిహేను సెకన్ల ముక్క కనపడుతుంది, కట్టినోడు కనపడడు. అందుకని హక్కుల సంగతి కాస్త తెలుసుకోవాలి. లాయరు భాషలో చెప్తే ఎవరికీ ఎక్కదు, పొలం భాషలో చెప్తాను.

ఒక పాటంటే ఒక్క చేను కాదు, పక్కపక్కన మూడు చేలు. మాట రాసినోడిది ఒకటి, బాణీ కట్టినోడిది ఒకటి, రికార్డింగుకి డబ్బు పెట్టినోడిది ఇంకోటి. పాడినోళ్ళకి, వాయించినోళ్ళకి గట్టు మీద వేరే హక్కుంది, దాన్ని ప్రదర్శకుల హక్కంటారు. 1957 కాపీరైటు చట్టంలో మాటకీ, బాణీకీ హక్కు రాసినోడికీ కట్టినోడికీ ఉంది. కానీ డబ్బులిచ్చి సినిమా కోసం చేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, అది నిర్మాతదే అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే కూలికెళ్ళి నాటేసినట్టే. సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పెడతారు, పంటతో మనకి సంబంధం లేదు. మాస్టర్ వేణు తరం మొత్తం ఈ కూలి లెక్కలోనే పనిచేసింది.

2012లో చట్టం మారింది. హిందీ కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో కూచుని పట్టుబట్టి సాధించారు. ఇప్పుడేంటంటే, మాట రాసినోళ్ళూ బాణీ కట్టినోళ్ళూ తమ హక్కు అమ్ముకోవచ్చు గానీ, సినిమా హాలు బయట ఆ పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో తమ వాటా మాత్రం అమ్ముకోలేరు, వదులుకోలేరు. వదులుకుంటున్నా అని సంతకం పెట్టినా చెల్లదు. చేను అమ్మినా పంటలో పాలు పోదన్నమాట. సినిమాతో సంబంధం లేని విడి పాటలకీ ఇదే వర్తిస్తుంది. ఆ వాటా వసూలు చేసి పంచేందుకు కవులకీ, సంగీతకారులకీ ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఉంది, 1969లో పుట్టింది. గాయకులకి కూడా ఓ సంఘం ఉంది. సభ్యత్వం లేకపోతే మీ పేరు మీద డబ్బు పంచేందుకు వాళ్ళ పుస్తకంలో మీ పేరే ఉండదు.

ఇప్పుడు ఊళ్ళల్లో జరుగుతున్నదేంటి? ఏదో ఛానెలోడు వచ్చి, అయిదు వేలో పది వేలో చేతిలో పెట్టి, పాట మొత్తం మాదే అని ఓ కాగితం మీద సంతకం పెట్టించుకుపోతాడు. కొన్నిసార్లు కాగితం కూడా ఉండదు, వాట్సాప్‌లో ‘ఓకే అన్నా’ అని పెడతాం. ఇక్కడ రెండు ముక్కలు గుర్తుంచుకోండి. హక్కు రాసివ్వటం అనేది రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుద్ది. ఆ కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం ప్రకారం అయిదేళ్ళే. ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే. అందుకే తెలివైనోళ్ళు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ముందే అచ్చేయించుకొస్తారు. ఆ రెండు మాటలు కనపడితే పెన్ను కింద పెట్టి అడగండి. కౌలు కాగితం చదవకుండా వేలిముద్రేసి మునిగినోళ్ళని మన ఊళ్ళల్లో చాలామందినే చూశాం గదా.

జానపదం దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. తాతల నాటి పాటకి యజమాని ఉండడు. ఊరుమ్మడి చెరువు లాంటిది, ఎవరైనా కడవ ముంచుకోవచ్చు. కాపోతే మీరు ముంచి తెచ్చుకున్న కడవ మీదే. మీరు పాడిన రికార్డింగు, మీరు కొత్తగా కలిపిన మాటలు, మీరు మార్చిన బాణీ, ఇవి మీవి. 2021లో ‘సారంగ దరియా’ సినిమా పాటగా వచ్చినప్పుడు ఎంత రగడైందో గుర్తుందిగా. ఆ పాటని ముందు సేకరించి టీవీలో పాడింది నేనని ఓ జానపద గాయని నిలబడి అడిగారు. ఆవిడ అడిగారు కాబట్టి పాట పుట్టుక గురించి పది మందీ మాట్లాడుకున్నారు. ఏరువాక పాట నాటికి అడిగే అలవాటే లేదు.

పేరొస్తే బతుకు మారిపోద్దనుకోవద్దు, అది కూడా చెప్పాలి. కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, సినిమాలో పాడారు, దేశమంతా ఫొటో చూసింది. రెండేళ్ళు దాటాక ఆయన కూలి పనికెళ్తున్నారని పేపర్లలో వచ్చింది. అవార్డు వేరు, ఆదాయం వేరు. ఆదాయం కావాలంటే పాట ఆడిన ప్రతిచోటా పేరు రాసుండాలి. అది కూడా సరిగ్గా రాసుండాలి.

ఎక్కడ రాయాలంటారా? పాటని స్పాటిఫై, జియోసావన్ లాంటివాటికి పంపే డిస్ట్రిబ్యూటర్ యాప్‌లో స్వరకర్త, రచయిత, వాద్యకారులు అని గళ్ళుంటాయి. మన పిల్లలు తొందర్లో ‘ఆర్టిస్ట్’ గడి ఒక్కటి నింపి మిగతావి ఖాళీగా వదిలేస్తారు, లేదా అన్నింట్లోనూ ఛానెల్ పేరే కొట్టేస్తారు. డప్పు కొట్టిన బాబాయి, డోలక్ వాయించిన అన్న, వరస కట్టిన చెల్లి అక్కడే మాయమైపోతారు. ప్రతి రికార్డింగుకీ ఐఎస్ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాల నంబరొస్తుంది, బండికి నంబరు ప్లేటు లాంటిది. అది దాచుకోండి. రేపు మీ పాట ఎవడైనా ఎత్తుకెళ్తే అది ఏ రికార్డింగో గుర్తుపట్టటానికి పనికొస్తుంది.

ఇక గురువుల సంగతి. హక్కులన్నీ చేతిలో ఉన్నా, పాట పట్టుమని మూడు నిమిషాలు నిలబడాలంటే నేర్పే మనిషి కావాలి. యూట్యూబ్‌లో రాగాలు చెప్తారు, మంచిదే. మీ శ్రుతి ఎక్కడ జారిందో చెప్పటానికి ఎదురుగా మనిషుండాలి. సుసర్ల వారు తమిళదేశం నుంచి తిరిగొచ్చి చేసిన పని ఇప్పుడు ఎవరు చేస్తారు? హైదరాబాదు ఆర్కెస్ట్రాల్లో పనిచేసే మన కృష్ణా జిల్లా కుర్రాళ్ళు సంక్రాంతికి ఇంటికొస్తారు. నాలుగు రోజులు కోళ్ళు, కొత్తల్లుళ్ళు, పేకాట. అందులో ఒక్క పూట అవనిగడ్డలోనో గుడివాడలోనో హైస్కూలు గదిలో పిల్లల్ని కూచోబెట్టి, మిక్సింగ్ ఎట్టా చేస్తారో, శ్రుతి ఎట్టా సరిచూసుకుంటారో, ఒప్పందం కాగితంలో ఏ వాక్యం చూడాలో చెప్పొచ్చు. దీనికి జీవో అక్కర్లేదు. జీవో కావాల్సింది వేరే. మూడు మండలాలకొక సంగీతం టీచరు పోస్టు. ఎమ్మెల్యేలు ఓట్ల కోసం వచ్చినప్పుడు రోడ్డు, కాల్వ అడుగుతాం, అడగాలి కూడా. ఆ చీటీలో అడుగున ఇది కూడా రాయండి.

చివరగా ఒక పని. దివిలో, గుడివాడ చుట్టుపక్కల ఇప్పుడు నాట్లు తగ్గిపోతున్నాయి. చాలా చేలల్లో విత్తనం వెదజల్లేస్తున్నారు, కొన్నిచోట్ల మిషన్లొచ్చాయి. నాటేసే ఆడవాళ్ళ గుంపు లేకపోతే నాట్ల పాట ఉండదు. డెబ్భై దాటిన అమ్మమ్మల దగ్గర అవి ఇంకా ఉన్నాయి. ఈ సార్వాలో ఖాళీ దొరికినప్పుడు ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, వాళ్ళ చేత పాడించుకోండి. బయట పెట్టొచ్చా అని ఆవిణ్ణే అడగండి. పెట్టమంటే కింద పాడినావిడ పూర్తి పేరు, ఊరు, ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకుందో, నాటుకి పాడేదో కోతకి పాడేదో, అన్నీ రాయండి. మీ పేరు ‘రికార్డు చేసింది’ అని వాటి కింద రాసుకోండి.